కోత ఒకరికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

ఈ శీర్షికకు వచ్చే లేఖలలో ఎక్కువ భాగం నమాజు, జకాత్, వారసత్వం వంటి విషయాల మీదనే ఉంటాయి. గత నెల గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ వాటికి భిన్నమైనది. ఆమె వయస్సు 38 ఏళ్ళు. ఇద్దరు బిడ్డల తల్లి. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. ఎనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. రెండేళ్ళుగా నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారు. మోకాళ్ళు వంగక నమాజు కుర్చీలోనే చేస్తున్నారు. ఆహార నియమాలు, నడక, మందులు అన్నీ అయిన పిమ్మట వైద్యులు బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకొమ్మని సలహా ఇచ్చారు.

అత్తగారు మాత్రం, అల్లాహ్ ఇచ్చిన కడుపును కోయించుకోవడమంటే ఆయన సృష్టిని మార్చడమేనని అభ్యంతరం చెబుతున్నారు. భర్త ఒప్పుకున్నారు గాని, పిత్తాశయంలో రాళ్ళు తీయించామని బంధువులకు చెబుదామంటున్నారు. "ఈ చికిత్స ధర్మసమ్మతమేనా? తరువాత వచ్చే రమజాన్‌లో నేనేం చేయాలి? మా ఇంట్లో వంట నలుగురం ఆడవాళ్ళం కలిసి చేస్తాము. ఎవరికీ చెప్పకుండా ఎలా నెట్టుకు రాగలను?" అని ఆ సోదరి అడిగారు.

మేము వైద్యులము కాము. ఏ మందు ఎంత మోతాదులో వాడాలో చెప్పే అర్హత మాకు లేదు. అయితే ఈ విషయమై వైద్యులను అడిగి తెలుసుకొన్నాము. ఈ చికిత్స పొందిన కొన్ని కుటుంబాలను దగ్గరగా చూశాము. ఆ సోదరి అడిగిన మూడు ప్రశ్నలలో చివరిదే అన్నిటికన్నా పెద్దదని మా అభిప్రాయం. మొదటి రెంటికీ ధర్మశాస్త్రంలో స్పష్టమైన సమాధానం ఉంది. మూడవదానికి సమాధానం ఇంటివారి చేతుల్లో ఉంది.

సృష్టిని మార్చడమా, చికిత్సా?

అల్లాహ్ సృష్టిని మార్చరాదన్న నిషేధం అందం కోసం, అహం కోసం దేహాన్ని మార్చుకొనేవారికి వర్తిస్తుంది. రోగానికి చికిత్స చేయించుకోవడం దాని క్రిందికి రాదు. చెడిపోయిన పిత్తాశయాన్ని తీయించినప్పుడు, కంటి శుక్లాన్ని తొలగించినప్పుడు మనలో ఎవరూ సృష్టిని మార్చారని అనరు గదా! రోగం ఇచ్చిన అల్లాహ్ దానికి ఔషధం కూడా ఇచ్చాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు.

ఈ ప్రశ్నపై విద్వాంసులు ఇదివరకే చర్చించారు. 2007 జులైలో మలేషియాలోని పుత్రజాయలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ సమావేశమై, దేహాకృతిని సరిచేసే శస్త్రచికిత్సలపై ఒక తీర్మానం చేసింది. అందులో బరువు తగ్గించుకోవడం గురించి కూడా ఉంది. బరువు ఒక రోగంగా పరిణమించి ఉండాలి, శస్త్రచికిత్స తప్ప వేరే మార్గం మిగలకూడదు, దాని వలన హాని కలగదన్న భద్రత ఉండాలి. ఈ మూడు షరతులు నెరవేరితే అది ధర్మసమ్మతమే.

బరువు రోగంగా పరిణమించిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? వైద్యులు దానికి బీఎంఐ అనే కొలతను వాడుతారు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, మధుమేహం రావడం మనవారిలో తక్కువ బరువుకే మొదలవుతాయి. అందువలన భారతీయులలో 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కిస్తారు. మన దేశపు శస్త్రవైద్యులు చాలాకాలంగా పాటిస్తూ వచ్చిన హద్దు 37.5. మధుమేహం, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి తోడైతే అది 32.5. 2022లో ఈ రంగానికి చెందిన రెండు పెద్ద వైద్య సంఘాలు, ఆసియా ప్రజలకు 27.5 నుండే ఈ చికిత్సను సూచించవచ్చునని ప్రకటించాయి. లేఖ వ్రాసిన సోదరి బీఎంఐ దాదాపు 45. ఆమె విషయంలో సందేహానికి తావు లేదు.

అయితే పెళ్ళి సంబంధం కుదరడం కోసమనో, పాత దుస్తులు పట్టడం కోసమనో, పదికిలోలు తగ్గడానికి ఈ కోతను ఆశ్రయించడం ధర్మసమ్మతం కాదు. నిజాయితీ గల వైద్యులు దానికి అంగీకరించరు కూడా.

మరొక మాట. స్థూలకాయుడిని చూడగానే తిండిపోతు అని ముద్ర వేయడం మన విందులలో ఒక వేడుకగా మారింది. వంశపారంపర్యం, హార్మోన్లు, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, కాన్పుల తరువాత వచ్చే మార్పులు ఇందులో ఎంత పాలు పంచుకొంటాయో వైద్యులు చెబుతున్నారు. పదవ శతాబ్దంలో స్పెయిన్‌లోని లియోన్ రాజ్యాన్ని ఏలిన సాంచో, స్థూలకాయం కారణంగా సింహాసనాన్నే కోల్పోయాడు. అతడు కుర్తుబా నగరానికి వచ్చి, ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలోని యూదు వైద్యుడు హస్దాయ్ బిన్ షప్రూత్ చేత చికిత్స పొందాడు. బరువు తగ్గాక ఖలీఫా సైన్యం సాయంతో మళ్ళీ గద్దెనెక్కాడు. ఆ దర్బారు అతడిని పరిహసించి పంపివేయలేదు, రోగిగా ఎంచి వైద్యుడికి అప్పగించింది. మనం నేర్చుకోవలసిన మర్యాద అదే.

ఈ కోత చేసేదేమిటి, చేయనిదేమిటి?

మన దగ్గర ఎక్కువగా జరిగేవి రెండు విధాలు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగం కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంగా కుట్టివేస్తారు. తీసిన భాగాన్ని తిరిగి పెట్టడం సాధ్యం కాదు. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. రెండూ పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారానే జరుగుతాయి. ఆకలి పుట్టించే హార్మోను తగ్గడం వలన తొలి నెలలలో ఆకలి అంతగా తెలియదు. ఒకటి రెండేళ్ళలో ఉన్న బరువులో నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు తగ్గే అవకాశం ఉంది. అనేకులలో మధుమేహం అదుపులోకి వస్తుంది.

ఇక చేయనిదేమిటి? ఈ కోత కడుపును చిన్నది చేస్తుంది గాని నాలుకను చిన్నది చేయదు. పండ్ల రసాలు, ఐస్‌క్రీము, తీపి చాయ్, సేమియా పాయసం వంటివి ఎంత చిన్న కడుపులోనైనా సులువుగా జారిపోతాయి. పాత అలవాట్లు తిరిగి వస్తే తగ్గిన బరువూ కొన్నేళ్ళలో తిరిగి వస్తుంది. మత్తు వలన, కుట్లు కారడం వలన, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వలన ప్రమాదం స్వల్పమే అయినా, లేదనడానికి వీలు లేదు. ఇవన్నీ తెలుసుకొన్న తరువాతనే అంగీకార పత్రంపై సంతకం చేయాలి.

ముందుగా చేయవలసినవి

శస్త్రచికిత్స తేదీకి కొన్ని వారాల ముందునుండే సన్నాహం మొదలవుతుంది. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, థైరాయిడ్, ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్ చేస్తారు. ఇనుము, బి12, డి విటమిన్లు తక్కువగా ఉంటే ముందే సరిచేస్తారు. గట్టిగా గురక పెట్టేవారు, నిద్రలో ఊపిరి ఆగేవారు ఆ సంగతి మత్తు వైద్యుడికి తప్పక చెప్పాలి. ఆహార నిపుణులతోనూ, అవసరమైతే మానసిక వైద్యులతోనూ మాట్లాడిస్తారు. దానిని అవమానంగా భావించరాదు. దుఃఖం కలిగినప్పుడల్లా తిండిలో ఊరట వెదుక్కొనే అలవాటు ఉంటే అది ముందుగానే బయటపడటం మేలు.

బీడీ, సిగరెట్టు, హుక్కా, గుట్కా, జర్దా కిళ్ళీ ఏవి ఉన్నా కనీసం ఆరు వారాల ముందు మానివేయాలి. పొగాకు కుట్లు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, పుండ్లు పుట్టిస్తుంది. మానిన తరువాత మళ్ళీ మొదలుపెట్టరాదు.

చివరి రెండు వారాలు చాలా తక్కువ కేలరీలు, ఎక్కువ మాంసకృత్తులు గల ఆహారం ఇస్తారు. దీనికి కారణం ఉంది. కాలేయపు ఎడమభాగం జీర్ణాశయం మీద కప్పుకొని ఉంటుంది. స్థూలకాయులలో అది కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. ఈ రెండు వారాల పథ్యంతో అది కుదించుకుపోయి, వైద్యుడి పరికరాలకు దారి ఇస్తుంది. కాని మన ఇళ్ళలో సరిగ్గా ఈ రెండు వారాలలోనే, ఇక మీదట తినలేవు గదా అని అక్కచెల్లెళ్ళు, మేనత్తలు వంతులవారీగా పిలిచి బిర్యానీ, డబుల్ కా మీఠా పెడుతున్నారు. దీనిని వారు ప్రేమ అనుకొంటున్నారు. శస్త్రచికిత్స గదిలో ఆ ప్రేమ వైద్యుడి చేతికి అడ్డుపడుతుంది. ఆ పిలుపులను మర్యాదగా కాదనండి.

మధుమేహం, రక్తపోటు మందుల మోతాదు ఈ పథ్యం మొదలైన నాటినుండే మార్చవలసి రావచ్చు. వైద్యుని అడగకుండా పాత మోతాదు వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ఖర్చు విషయం కూడా ముందే ఆలోచించండి. ఆసుపత్రి బల్ల దగ్గరే వడ్డీ వాయిదాల పత్రాలు చేతికిచ్చేవారు నేడు చాలామంది ఉన్నారు. వాటికి తొందరపడకండి. కుటుంబంలో ఎవరికైనా ఆరోగ్య బీమా ఉంటే దాని నిబంధనలు చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, స్థూలకాయ చికిత్సకు వర్తించే మినహాయింపు 18 ఏళ్ళు నిండి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉన్నవారికి అడ్డు కాదు. అదుపు కాని మధుమేహం, తీవ్రమైన నిద్రశ్వాస సమస్య, గుండెజబ్బు వంటివి ఉంటే 35 నుండే అడ్డు తొలగుతుంది. శస్త్రచికిత్స వైద్యుని సలహాపై జరగాలి, అంతకు ముందు ఇతర పద్ధతులు విఫలమై ఉండాలి. అవసరమైన పత్రాలన్నీ ముందే సిద్ధం చేసుకోండి. బీమా లేనివారికి అన్నదమ్ములు వడ్డీలేని చేబదులు ఇవ్వడం ఎంతో పుణ్యకార్యం.

తీర్చవలసిన అప్పులు, అప్పగించవలసిన అమానతులు ఒక కాగితంపై వ్రాసి ఉంచుకోండి. ఇది అపశకునం కాదు. ఆరోగ్యవంతుడు కూడా పాటించవలసిన ప్రవక్త (స) బోధ ఇది.

దాచడం వేరు, అబద్ధం వేరు

ఇప్పుడు ఆ సోదరి మూడవ ప్రశ్నకు వద్దాము. తన రోగాన్ని ఊరంతా చాటమని షరీఅత్ ఎవరినీ ఆదేశించలేదు. అడిగినవారికి "ఒక శస్త్రచికిత్స జరిగింది, దుఆ చేయండి" అంటే చాలు. అది అబద్ధం కాదు, దాపరికమూ కాదు. కాని పిత్తాశయంలో రాళ్ళు తీయించామని చెప్పడం అబద్ధం. పైగా ఈ అబద్ధం ఆ సోదరి ప్రాణానికే ముప్పు తేగలదు.

ఎలాగంటే, బరువు వేగంగా తగ్గినప్పుడు పిత్తాశయంలో నిజంగానే రాళ్ళు ఏర్పడవచ్చు. అందుకే అనేకమంది వైద్యులు తొలి ఆరునెలలు దానికొక నివారణ మందు వ్రాస్తారు. రేపు ఏ అర్ధరాత్రో ఆమెకు కుడివైపు పక్కటెముకల క్రింద భరించలేని నొప్పి వస్తే, భర్త ఊరిలో లేకపోతే, ఇంటివారు ఆమెను దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, పిత్తాశయం ఎప్పుడో తీసివేశారని చెబుతారు. వైద్యుడు వేరే దిక్కున వెదుకుతాడు. ఆమె స్పృహలో లేకపోతే, అసలు ఏ కోత జరిగిందో చెప్పగలవారెవరు?

వంటింటి సంగతి కూడా అంతే. ఆమె జీర్ణాశయం ఎంతో తెలియని తోడికోడలు, నీరసంగా ఉందని నెయ్యి వేసిన ముద్ద కలిపి పెడుతుంది. తెలిసిన తోడికోడలు అదే ప్రేమతో గుడ్డు తెల్లసొన ఉడికించి పెడుతుంది. కాబట్టి ఒకే పొయ్యిమీద తినేవారందరికీ నిజం తెలియాలి. అత్తగారిని ఒకసారి వైద్యుని దగ్గరకు వెంట తీసుకువెళ్ళమని మా సలహా. పెద్దవారి భయంలో ఎక్కువ భాగం, తమను ఎవరూ అడగలేదన్న బాధలోనుండి పుడుతుంది.

ఆసుపత్రిలో

మహిళలు తమకు మహిళా వైద్యులు, నర్సులు కావాలని ముందే కోరవచ్చు. దొరకని పక్షంలో అవసరం మేరకు పురుష వైద్యునికి అనుమతి ఉంది.

రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద ఇచ్చే ఇంజక్షన్ల గురించి కొందరు మమ్మల్ని అడిగారు. సాధారణంగా వాడే ఎనోక్సాపారిన్ పందిప్రేగుల నుండి తీసినదే. పూర్తిగా రసాయనికంగా తయారయ్యే ఫోండాపారినక్స్ అనే మందు కూడా ఉంది. అది తమకు సరిపోతుందా అని వైద్యుని ముందే అడగండి. సరిపోదని ఆయన అంటే ఉన్నదానినే వేయించుకోండి. ప్రాణరక్షణ కొరకు, ప్రత్యామ్నాయం లేనప్పుడు, ధర్మం దానికి వెసులుబాటు ఇచ్చింది. అనుమానంతో ఇంజక్షను మానివేసి ప్రాణం మీదకు తెచ్చుకోవడం దైవభీతి అనిపించుకోదు.

కట్టుపై నీరు తగలరాదంటే దానిమీద తడిచేతితో మసహ్ చేయవచ్చు. నీరు వాడే వీలే లేకుంటే తయమ్ముమ్ ఉంది. కూర్చొని, అదీ కుదరకుంటే పడుకొని సైగలతో నమాజు చేయవచ్చు. అదేరోజు సాయంత్రమో మర్నాడో లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉన్నా నడవాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. ఇంటికి వచ్చాక, తాగిన వెంటనే సజ్దాకు వంగితే పుల్లని నీరు గొంతులోకి రావచ్చు, ముఖ్యంగా స్లీవ్ చేయించుకొన్నవారికి. కొంతసేపు ఆగి నమాజుకు నిలబడండి.

కోలుకొనే నెలలు

తొలి ఒకటి రెండు రోజులు తేటనీరు, వడగట్టిన సూపు. తరువాత రెండు వారాల వరకు పలుచని మజ్జిగ, పాలు, కొవ్వు తీసిన యఖ్ని, వైద్యులు చెప్పిన ప్రొటీన్ పొడి. మూడవ, నాలుగవ వారాలలో మెత్తగా రుబ్బినవి. ఆపై కొన్ని వారాలు ఉడికిన గుడ్డు, చేప, పనీరు, మెత్తని కోడిమాంసం. సుమారు రెండు నెలలకు మామూలు ఆహారం, కొద్ది కొద్దిగా. ఆసుపత్రిని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది. మీ వైద్యుడు వ్రాసి ఇచ్చినదే మీకు ప్రమాణం.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు మాత్రమే. పప్పుకట్టు, రాగిజావ మీదనే ఆధారపడితే ఈ లెక్క నిండదు, కండ కరిగిపోతుంది. అందువలన పళ్ళెంలో మొదట గుడ్డు, చేప, మాంసం తినాలి. తరువాత కూర. చివర మిగిలితేనే అన్నమో రొట్టెయో.

నీరు రోజుకు లీటరున్నర వరకు, గుక్కెడు గుక్కెడుగా త్రాగాలి. తినేటప్పుడు నీరు త్రాగరాదు. తిన్నాక అరగంట ఆగాలి. ఆగి ఆగి, మధ్యలో ఊపిరి తీసుకొంటూ త్రాగడం ప్రవక్త (స) సంప్రదాయం. కడుపును మూడు భాగాలుగా భావించి ఒక భాగాన్ని ఖాళీగా విడిచిపెట్టమని కూడా ఆయన నేర్పారు. మనం సభలలో వినిపించే ఈ బోధను ఈ రోగులు ప్రతి పూటా ఆచరించవలసి ఉంటుంది. బైపాస్ అయినవారు తీపి తింటే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు కలుగవచ్చు.

విటమిన్లు, ఇనుము, కాల్షియం, బి12 మాత్రలు జీవితాంతం వాడాలి. బాగానే ఉన్నాను గదా అని ఏడాది తరువాత మానినవారికే నరాల తిమ్మిరి, రక్తహీనత, ఎముకల బలహీనత వస్తున్నాయి. ఇనుము, కాల్షియం మాత్రలను కలిపి మింగరాదు, రెండు గంటల ఎడం ఉండాలి. జెలటిన్ తొడుగు గల గొట్టాల బదులు నమిలే మాత్రలు, బిళ్ళలు, పొడులు దొరుకుతాయి. హలాల్ గురించి చింత ఉన్నవారు మందు మానకుండా రూపం మార్చమని అడగాలి. మూడవ, ఆరవ, పన్నెండవ నెలల్లో, ఆపై ఏటా రక్తపరీక్ష అవసరం. ఒళ్ళునొప్పులకు దుకాణంలో అడిగి కొనే నొప్పిమాత్రలు, విశేషించి బైపాస్ అయినవారికి, కడుపులో పుండ్లు పుట్టిస్తాయి.

జ్వరం, తగ్గని కడుపునొప్పి, నాడి వేగం, ఆయాసం, ఒక కాలు వాపు కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి. రోజుల తరబడి వాంతులు అవుతుంటే అది అజీర్తి అని సరిపెట్టుకోరాదు. బి1 విటమిన్ అడుగంటి, చూపు, నడక, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మూడవ నెలలో మొదలయ్యే జుట్టు రాలడం మాత్రం సాధారణంగా కొన్ని నెలలకు ఆగి, తిరిగి మొలుస్తుంది.

పెళ్ళై సంతానం కలగని స్త్రీలకు బరువు తగ్గాక గర్భం త్వరగా నిలిచే అవకాశం పెరుగుతుంది. కాని తొలి 12 నుండి 18 నెలలు గర్భం వద్దని వైద్యులు చెబుతారు. తల్లికే చాలని పోషకాలు బిడ్డకు ఎలా చాలుతాయి? భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకొని, వైద్య కారణంతో, తాత్కాలికంగా వాయిదా వేసుకోవడానికి ధర్మంలో అనుమతి ఉంది. గర్భనిరోధక మాత్రలు బైపాస్ తరువాత సరిగా పనిచేయకపోవచ్చు గనుక వైద్యురాలిని అడగాలి. అత్తమామలు ఈ కాలంలో "ఇంకా ఏమీ లేదా?" అని అడగకుండా ఉండటమే వారు చేయగల ఉపకారం.

రమజాన్ వచ్చినప్పుడు

మేమెరిగిన ఒక కుటుంబంలో యువకుడికి శస్త్రచికిత్స జరిగి మూడు నెలలైనా కాకముందే రమజాన్ వచ్చింది. ఇంత బరువు తగ్గి చురుకుగా తిరుగుతున్నవాడికి రోజా ఎందుకు కష్టమని పెద్దలు అన్నారు. అతడు కాదనలేకపోయాడు. ఆరవ రోజున అసర్ నమాజు వరుసలోనే కూలిపోయాడు. దేహంలో నీరు తగ్గి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

రోగికి ఉపవాసం నుండి వెసులుబాటు ఇచ్చినది మనం కాదు, దివ్య ఖుర్‌ఆన్‌లోని బఖరా సూరా. ఒక్కసారిగా పావు గ్లాసు కూడా త్రాగలేని కడుపు, ఇఫ్తార్‌కూ సహ్రీకీ మధ్యనున్న కొద్ది గంటలలో రోజంతటికీ కావలసిన నీటిని, మాంసకృత్తులను, మందులను ఎలా తీసుకోగలదు? తొలి నెలలలో ఉపవాసం వద్దనడంలో వైద్యులలో భేదాభిప్రాయం లేదు. చాలామంది ఒక ఏడాది ఆగమంటారు. తప్పిన రోజాలను లెక్కపెట్టి వ్రాసుకోండి. ఆరోగ్యం కుదుటపడ్డాక, పగలు తక్కువగా ఉండే శీతకాలపు రోజులలో, వైద్యుని అడిగి ఖజా చేసుకోవచ్చు. ఎన్నటికీ వీలుపడదని తేలినవారికే ఫిద్యా. ఉపవాసం ఉండనివారిని బహిరంగంగా ప్రశ్నించి, వారి రోగాన్ని వారి నోటనే చెప్పించడం తగదు.

విందు మర్యాద

అతిథికి కొసరి కొసరి వడ్డించడం మన ఇళ్ళ అందం. "నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద" అన్న మాటలో ఎంత ఆప్యాయత ఉందో మాకు తెలుసు. కాని రోగులను తినమని బలవంతపెట్టవద్దన్న ప్రవక్త (స) బోధ హదీసు గ్రంథాలలో ఉంది. ఈ కోత అయినవారు ఆ ఒక్క ముద్ద ఎక్కువ తింటే ఛాతీలో నొప్పితో లేచి వెళ్ళి వాంతి చేసుకోవలసి వస్తుంది. ఆ అవమానానికి భయపడి కొందరు పెళ్ళిళ్ళకు, అఖీఖాలకు రావడమే మానుకొంటున్నారు. బంధువులను కలపవలసిన విందే వారిని విడదీస్తోంది.

కాబట్టి విందు చేసేవారు వారికి చిన్న పళ్ళెం ఇచ్చి, రెండు కబాబులు, కొంచెం పెరుగు పెట్టి, నెమ్మదిగా తిననివ్వండి. ఎంత తిన్నారో చూడకండి. ఎంత తగ్గారో అడగకండి. ఇంట్లో ఒకరి పథ్యం అందరికీ కొంతైనా వర్తించనివ్వండి. చక్కెర తగ్గిన చాయ్, నూనె తగ్గిన కూర, ఇషా తరువాత ఇంటిల్లిపాదీ కలిసి అరగంట నడక. ఒకే ఇంటివారిలో స్థూలకాయం, మధుమేహం తరచు కలిసే వస్తాయి. తల్లి కోసం మారిన వంట, పదేళ్ళ కూతురిని ఆ శస్త్రచికిత్స గది దాకా వెళ్ళకుండా కాపాడవచ్చు.

దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. అమానత్‌ను కాపాడే భారం రోగి ఒక్కరిమీదనే వదిలివేయడం న్యాయం కాదు. వైద్యుడు రెండు మూడు గంటలలో తన పని ముగించి వెళ్ళిపోతాడు. ఆ తరువాతి రోజులన్నీ పొయ్యి ముందు నిలబడేవారివీ, పక్కన కూర్చొని తినేవారివీ. రోగుల పట్ల సహనాన్ని, మాటలో మృదుత్వాన్ని, పళ్ళెంలో మితాన్ని అల్లాహ్ మన ఇళ్ళన్నిటికీ ప్రసాదించుగాక! చికిత్సలో ఉన్న సోదర సోదరీమణులందరికీ ఆయన సంపూర్ణ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.